ఫెన్స్ అవతల నిలబడ్డ కోచ్

హలో… ఆఁ, నేనేనమ్మా. చెప్పు.

గెలిచాం. … గెలిచామమ్మా, నిజంగానే. ఒక్క గోల్ తేడాతో.

లేదు, ఏడవట్లేదు. గొంతు పోయింది. పొద్దుట్నుంచి అరుస్తూనే ఉన్నాగా.

ఇక్కడే, మా యూనివర్సిటీ గ్రౌండ్‌లోనే. క్లబ్‌రూమ్ వెనకాల కర్రలూ హెల్మెట్లూ పెట్టే గది ఉంటుంది, అందులో కూర్చున్నాను. బయట పిల్లలు పాటలు పెట్టుకుని గంతులేస్తున్నారు, నీ మాట వినపడదని ఇటొచ్చా. … ఆ గోల వాళ్ళదే.

తొమ్మిదోది. … అవును, తొమ్మిది కప్పులు. ఇక్కడ ఏ యూనీ కోచ్‌కీ ఇన్ని లేవట. ఇందాక ఒకాయన మైకులో చెప్పాడు.

నాన్నకి నేను చెప్తాలే. … వద్దు, కేశవరావు అంకుల్‌కి అప్పుడే ఫోన్ చెయ్యొద్దను. నిన్న తెలుగు అసోసియేషన్ సన్మానంలో మా ఆట గురించి ఆయన చెప్పిన ముక్క చాలు. లాక్రోస్ అంటే మన హాకీయేనండీ, కాకపోతే కర్రకి జల్లెడ ఉంటుంది అని. హాలంతా చప్పట్లు. నేను శాలువా కప్పుకుని నవ్వుతూ నిలబడ్డాను.

… నువ్వేం తక్కువ తిన్నావా. మొదటిసారి కర్ర ఇంటికి తెచ్చిన రోజు, చేపలు పట్టే వల మనకెందుకే అన్నావు. ఫార్మసీ చదవమని పంపిస్తే వల పట్టుకొచ్చిందని నాన్న నాతో మాటలు మానేశాడు. ఇప్పుడు చూడు, శాలువా ఫోటో ఊళ్ళో అందరికీ ఫార్వర్డ్ చేస్తున్నాడు.

వచ్చారమ్మా. ఆస్ట్రేలియా టీమ్ సెలక్షన్ వాళ్ళు ఇద్దరూ వచ్చారు, ఆట అయ్యేదాకా కూర్చున్నారు. కొత్త కోచ్ ఎవరో సోమవారం చెప్తారట. … దాదాపు నాకే. దాదాపు అన్నాను, అప్పుడే ఎవరికీ చెప్పకు.

సంతోషంగా ఎందుకు లేదంటే… ఏం చెప్పను. జోసీ పడిపోయింది పొద్దున. మా గోలీ. గోల్ ముందు నిలబడే పిల్ల, పొడుగ్గా ఉంటుందే, మనింటికొచ్చి పెసరట్లు తింది. … ఆఁ, ఆ పిల్లే. చీలమండ విరిగింది. హాస్పిటల్లో ఉంది, ఆపరేషన్ అంటున్నారు.

ఆటలో కాదు. ఆటకి ముందే. క్లబ్‌రూమ్ మెట్లమీద జారిపడింది.

ఎవరో మెట్లమీద ఏదో పారేసి పోయారు. ఎర్రరంగూ, ఏదో మెత్తటి చెత్తా. కావాలనే. … ఎవరో ఏంటి, తెలుస్తూనే ఉంది. ఫైనల్ ఎవరితో? డెనిస్ టీమ్‌తో. వాళ్ళ జెర్సీ ఎరుపు. పోయిన వారం వాళ్ళ పిల్లలు ఇన్‌స్టాలో పెట్టారు, మీ గ్రౌండ్‌కి ఎరుపు పూసి పోతామని.

ఆ డెనిస్సే. నాకు ఆట నేర్పినాయనే. … అందుకే ఇంకా కడుపు మండింది.

ఊరుకుంటానా. టోర్నమెంట్ వాళ్ళ దగ్గరికెళ్ళి కంప్లైంట్ ఇచ్చాను. మా పిల్ల కాలు విరిగింది, వాళ్ళ కోచ్‌దే బాధ్యత అన్నాను. వాళ్ళకీ వేరే దారి లేదు, ఆయన్ని గ్రౌండ్‌లోకి రానివ్వలేదు. ఆటంతా ఫెన్స్ అవతల, కార్ పార్క్ పక్కన నిలబడి చూశాడు. ఆయన పిల్లలు మాటిమాటికీ అటు తిరిగి చూడటమే. ఆయన అక్కణ్ణించి ఏం చెప్పినా వీళ్ళకి వినపడదు కదా.

… అలా గెలిచాం.

హలో?

అమ్మా, ఉన్నావా?



… ఏ మెట్లంటే? క్లబ్‌రూమ్ మెట్లు, ముందున్నవి. నీకెందుకవన్నీ—

ఎరుపే. … కుంకుమరంగా అంటే ఏమో, నేను చూళ్ళేదు. నేను అంపైర్ల మీటింగ్‌లో ఉన్నాను. పిల్లలొచ్చి చెప్తే పరిగెత్తాను. అప్పటికే కేర్‌టేకర్ పైపు పెట్టి కడిగేస్తున్నాడు.

మెత్తటిదంటే గుజ్జులాగా. పసుపురంగులో ఉందన్నారు… ఎందుకు ఇన్ని ప్రశ్నలు?

అమ్మా.

నువ్వు పొద్దున వాకింగ్‌కి ఎటు వెళ్ళావు?

… చెప్పు. లేక్ దాటి ఇటొచ్చావా?

…

దేంతో?

…

గుమ్మడికాయా.

…

బూడిద గుమ్మడికాయ దొరక్కపోతే మానెయ్యాలి గాని, కూర గుమ్మడికాయతోనా… సరే. పైన కోసి, కుంకుమ నింపి, కర్పూరం వెలిగించి. తిప్పి. ఎవరికి తిప్పావు, నేను లేనుగా అక్కడ? … తలుపుకి. టీమంతటికీ కలిపి ఒకటేసారి.

నిన్న సన్మానంలో అంతమంది కళ్ళు పడ్డాయని. తెలుసు. నీలిమ ఆంటీ మీ అమ్మాయి ఎంత అదృష్టవంతురాలో అని పదేపదే అంది. నేనూ విన్నాను.

మరి ముక్కలు తీసెయ్యాలి కదమ్మా. … కొట్టాక వెనక్కి తిరిగి చూడకూడదు. అవును. తొక్కకూడదు కాబట్టి ఎవరూ తొక్కరనుకున్నావు. మనవాళ్ళైతే దాటుకుని పోతారు. వీళ్ళకేం తెలుస్తుంది? ఆ పిల్ల బూట్లేసుకుని, బ్యాగ్ తగిలించుకుని, పాటలు వింటూ పరిగెత్తుకొచ్చింది.

ఏడవకు. … నేను నిన్ను తిట్టట్లేదు. ఏడవకమ్మా, నాకు బుర్ర పనిచెయ్యట్లేదు.

చెప్తే వద్దంటానని చెప్పలేదు. వద్దనేదాన్నే. … గ్రౌండ్‌కి పిలవననా. అదీ నిజమే. ఒక్కసారి వచ్చావు, గోల్ పడినప్పుడల్లా లేచి తన్మయీ, తన్మయీ అని అరిచావు, పిల్లలు నవ్వారు. అప్పట్నుంచి ఎండగా ఉంటుంది రావద్దు అంటూ వచ్చాను. అడిలైడ్‌లో జులై అంటే చలికాలం, ఎండేంటి. … నీకు తెలుసన్నమాట. తెలిసీ ఏమీ అనలేదు నువ్వు.

ఆగు. మన సంగతి తర్వాత. డెనిస్.

నేను ఆయన్ని ఏమన్నానో తెలుసా? అందరి ముందూ. మా పిల్లలు, ఆయన పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, ఆ సెలక్షన్ వాళ్ళిద్దరూ. కప్పు కోసం ఒక పిల్ల కాలు విరగ్గొట్టిస్తావా, సిగ్గులేదా నీకు అన్నాను. … ఇంగ్లీషులోనేగా. ఇంగ్లీషులో ఇంకా అసహ్యంగా ఉంది.

… ఆయనా? నా పిల్లలు అలాంటి పని చెయ్యరు తాన్, అన్నాడు. తాన్ అంటాడు నన్ను, పేరు నోరు తిరగదు. అంతే అన్నాడు, మెల్లిగా ఫెన్స్ అవతలికి నడుచుకుంటూ పోయాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. ఇదే ఆఖరి ఆటమ్మా ఆయనకి. ఈ ఏడాదితో మానేస్తున్నాడు. ఆఖరి ఆట కార్ పార్క్‌లోంచి చూశాడు.

ఇక్కడికొచ్చిన కొత్తలో యూనీలో నాతో మాట్లాడినవాళ్ళెవరు? లంచ్ బాత్రూమ్ పక్కన కూర్చుని తినేదాన్ని, నీకు చెప్పలేదు. ఆయనే పిలిచి కర్ర చేతిలో పెట్టాడు. ముందు బంతి పట్టుకోవడం నేర్చుకో, విసరడం దానంతట అదే వస్తుందన్నాడు. ఈ టీమ్ కూడా ఆయన ఇచ్చిందే. వేరే యూనీకి మారేటప్పుడు, తాన్‌కి ఇవ్వండి అని చెప్పి వెళ్ళాడు. అప్పటికి టీమ్‌లో పట్టుమని పదిమంది కూడా లేరు, హాస్టల్ గదుల తలుపులు కొట్టి బతిమాలి తెచ్చుకున్నాను పిల్లల్ని. మొదటి కప్పు గెలిచినరోజు అందరికంటే ముందు ఫోన్ చేసింది ఆయనే, ఓడిపోయింది వాళ్ళ టీమే అయినా.

ఇవాళ హాఫ్‌టైమ్‌లో పిల్లలకి నేను చెప్పినవన్నీ ఆయన మాటలే. ఆయన్ని బయట నిలబెట్టి, ఆయన మాటలతోనే ఆయన మీద గెలిచాను.

సిగ్గుగా ఉందమ్మా. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు.

… తెలియక అన్నానా? అలా అనుకుంటే బాగానే ఉండేది. జోసీ బూటు విప్పింది నేనే. అడుగున గింజ అంటుకుని ఉంది. గుమ్మడి గింజ. నువ్వు ఎండబెట్టి వేయించి పెడితే తిన్నదాన్ని, నాకు తెలీకపోవడమేంటి. చూశాను. చూసి ఊరుకున్నాను. అప్పటికే డెనిస్ అని తేల్చేసుకున్నాగా, ఇంకోటి ఆలోచించాలనిపించలేదు. సెలక్షన్ వాళ్ళొచ్చిన రోజు, గోలీ లేదు, ఎలాగైనా గెలవాలి. ఆయన గ్రౌండ్‌లో లేకపోతే గెలుస్తామని నాకు తెలుసు.

ఏంటి? … సోమవారం దాకా.

సోమవారం దాకా నోరు మూసుకుంటే కోచ్‌గా నా పేరు చెప్పేస్తారు. తర్వాత ఎప్పుడైనా నెమ్మదిగా చెప్పుకోవచ్చు. … కడిగేశారు, ఎవరూ చూళ్ళేదు. అవును. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.

అమ్మా, నిన్నేమీ అనను. నువ్వు గుమ్మడికాయ అనగానే నాకూ మొదట వచ్చిన ఆలోచన అదే. జోసీ కాదు, డెనిస్ కాదు, ఎవరైనా చూశారా అని. అందుకే ఇక్కడ కూర్చుని నీతో ఇంతసేపు మాట్లాడుతున్నాను. బయటికెళ్ళడానికి మొహం చెల్లక.

నవ్వుతారు. … నవ్వనీ. చేతబడి అనుకుంటారా, అనుకోనీ, నేను చెప్తాను అది ఏంటో. అసోసియేషన్‌లో కూడా తెలుస్తుంది. శాలువా వెనక్కి అడగరులే.

నాన్నకి తలవంపులే. … అవును. నావల్ల.

నువ్వు రావద్దు. … నువ్వొచ్చి చెప్తే ఏమవుతుంది, పాపం పెద్దావిడకి తెలీదు అని అందరూ నన్ను వదిలేస్తారు. నాకది వద్దు. నువ్వు జోసీకి చెప్పు. ఆ పిల్లకి మాత్రం నువ్వే చెప్పాలి, రేపు ఇద్దరం హాస్పిటల్‌కి వెళ్దాం. నువ్వు గుమ్మడికాయ కొట్టావు. ఆయన్ని వేలెత్తి చూపించింది నేను.

కప్పు ఏం చేస్తారో వాళ్ళిష్టం. ఉద్యోగం కూడా. … భయంగా లేకేం.

ఒక్క నిమిషం. ఎవరో తలుపు కొడుతున్నారు.

యెస్… కమిన్.

…

అమ్మా, ఆయనే.

గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రావట్లేదు.

హాయ్, డెనిస్. … యా. యా, షి ఈజ్…

అమ్మా, ఏమడుగుతున్నాడో తెలుసా. జోసీ ఏ హాస్పిటల్లో ఉందని. వాళ్ళ పిల్లలు పువ్వులు కొన్నారట, ఇటునుంచి ఇటే ఆ పిల్లని చూడ్డానికి వెళ్తారట. నాకు ఇష్టమేనా అని అడుగుతున్నాడు. నన్ను అడుగుతున్నాడమ్మా, పర్మిషన్.

డెనిస్, ప్లీజ్ డోంట్ గో. ఐ హావ్ టు సే సంథింగ్. … నో, నాట్ హియర్. అవుట్‌సైడ్. విత్ ఎవ్రీవన్.

బయటికి వెళ్తున్నానమ్మా. నలుగురిలో అన్నాను, నలుగురిలోనే చెప్పాలి. … ఇప్పుడే. ఇంకాసేపు ఆగితే నాకు ధైర్యం ఉండదు, నా సంగతి నాకు తెలుసు.

… ఉన్నారు. సెలక్షన్ వాళ్ళిద్దరూ ఇంకా కార్ దగ్గరే ఉన్నారు, కిటికీలోంచి కనపడుతున్నారు. వాళ్ళని కూడా పిలుస్తాను.

ఉంటానమ్మా. పెట్టేస్తున్నా.