చెవి తమ్మె

పోలీస్ స్టేషన్ వెనక గది. బల్లకు ఇటు కూతుర్ని పోగొట్టుకున్న మాస్టారు, అటు ఫిర్యాదు రాస్తున్న రైటరు.

“...తలుపు తగిలి చెవికి స్వల్ప గాయమై, ఆపైన మెట్ల మీంచి జారిపడి మా అమ్మాయి చనిపోయిందని... సరేనా మాస్టారూ?”

“సరి కాదు. తలుపు మాట మా అల్లుడిది. నా ఫిర్యాదులో అదెందుకు?”

“ఆయన ముందే వచ్చి చెప్పి వెళ్ళాడండి. రెండు కాగితాలూ ఒకలా ఉంటే తేలిక.”

“ఎవరికి తేలిక?”

“అబ్బా, మాస్టారూ...”

“ఉత్త చెవి అని కాదు, తమ్మె అని రాయండి. కుడి చెవి తమ్మె.”

“తమ్మె? అదేంటండీ?”

“చెవి కింద వేలాడే మెత్తటి కండ. దుద్దు పెట్టుకునే చోటు.”

“ఓహో, దానికో పేరు కూడానా! ఎందుకొచ్చిందట ఆ పేరు?”

“తమ్మి అంటే తామర. ఆ రేకులా మెత్తగా ఉంటుందని అలా పిలిచారేమో. నా ఊహే, రుజువేం లేదు. చిన్నప్పుడు మా అమ్మాయి అడిగితే ఇదే చెప్పాను. ఆ రోజంతా తన చెవి తనే తడుముకుంటూ తిరిగింది.”

“అయ్యో పాపం.”

“పాపం వద్దు, రాయండి. తలుపు తగిలితే చెవి కములుతుంది. తమ్మె నిలువునా రెండుగా చీలదు. దుద్దు పట్టుకుని కిందికి లాగితేనే చీలుతుంది. లాగిన చెయ్యే మెట్ల మీంచి తోసింది. ఆ ఒక్క మాట కాగితం మీదుంటే వాడు తప్పించుకోలేడు.”

“అంత పగా మాస్టారూ?”

“అంతే పగ. వాడు ఊచలు లెక్కపెట్టాలి. నేను ఎదురుగా నిలబడి చూడాలి.”

“సరే, చదువుతాను వినండి. ‘తలుపు తగిలి చెవికి స్వల్ప గాయమై...’”

“మళ్ళీ తలుపే! తమ్మె అని రాయడం రాదా మీకు?”

“వచ్చండి. ఏడో తరగతిలో నేర్చుకున్నాను. మీ దగ్గరే.”

“నా దగ్గరా?”

“తామర రేకు సంగతీ అప్పుడే చెప్పారు. నా చెవి మెలిపెడుతూ చెప్పారు, పద్యం అప్పజెప్పలేదని. ఇటు చూడండి. మూడు కుట్లు.”

“నువ్వు... వెనక బెంచీ... నత్తి...”

“ఆఁ, నత్తిగాణ్ణే. ఆ పేరూ మీరు పెట్టిందే. స్కూలు రిజిస్టరులో ఏం రాశారో గుర్తుందా?”

“అదిప్పుడెందుకు?”

“చెప్పండి మాస్టారూ. అప్పజెప్పండి.”

“తలుపు తగిలిందని.”

“స్వల్ప గాయమని కూడా. చదువురాని మా అమ్మ చేత కింద వేలిముద్ర వేయించారు. ఇదిగో పెన్ను. మీకు చదువొచ్చుగా, సంతకం పెట్టండి.”

“పెట్టను. ఇంకో కాగితం తియ్యి.”

“ఎందుకు?”

“ముందు నీ తమ్మె సంగతి రాయి. చీల్చింది నేనని రాయి, సంతకం పెడతాను. తర్వాత వాడి సంగతి రాద్దువుగాని.”