రంగు చూసి మగదన్నారు

పూండిలో వైకుంఠరావు ఇంటి వసారా. ఆయన కలకత్తా నుంచి తెప్పించిన గాజు తొట్టి దగ్గర ఆయన భార్య గౌరీశ్వరి, ఆమె అత్త రత్నాలమ్మ.

“ఆ తొట్టి ఒగ్గీసి సీర మార్సుకో గౌరీ. జలంత్రకోటోలు బండి దిగే యేళైంది.”

“మార్సుకోను అత్తా.”

“తాంబూలం నీ సేత్తోనే ఇవ్వాల. పెద్దపెళ్లాం ఇయ్యందే ఆళ్లు పిల్లనివ్వరు.”

“అందుకే ఇవ్వను.”

“ఏడేళ్లు సూసినాం. నీ కడుపు పండనేదు. నా కొడుకు ఇంకో పెళ్లి సేసుకుంటే తప్పేటి?”

“ముందు ఈ సేపల్ని సూడండి.”

“ఇప్పుడు సేపలేటే?”

“గుడ్లు తెల్లబడి కుళ్లిపోతన్నాయని, ఆడది గొడ్డుపోయిందని, మీరే కదా ఓదాన్ని పారేయించారు.”

“అవును. రంగు తక్కువదే ఆడది. రంగు పుంజుకి గానీ పెట్టకి ఉంటాదేటి?”

“సేపలమ్మే పైడమ్మ సేత ఇంకోటి తెప్పించారు. అయినా గుడ్లు తెల్లబడ్డాయి.”

“దాని రాతా అంతే.”

“రాత కాదు. పదిరోజులు ఇక్కడే కూకుని సూసేను. మీరు మగదన్న ఆ రంగుది కూడా కుండపెంకు మీద గుడ్లెట్టింది.”

“మగది గుడ్లెట్టడమేటే?”

“అదీ ఆడదే. పైడమ్మకి సెప్తే నవ్వింది. ఈటికి రంగు సూడకూడదంట. గుడ్లెట్టే యేళ పొట్టకింద మొద్దుగా గొట్టంలాగొత్తే ఆడది, సూదిమొనలాగొత్తే మగదంట.”

“ఉప్పుటేట్లో వలేసుకునేదాని మాట పట్టుకుని...”

“దాని మాట పట్టుకునే, రంగు తక్కువదాన్ని తీసి ఓ మగదాన్నేసేను. పెంకు కింద సూడండి.”

“ఏటవి, నలకల్లాగున్నాయి?”

“పిల్లలు. కళ్లు కూడా ఉన్నాయి.”

“ఓలమ్మ.”

“తొట్టిలో మగదే నేకుండా ఎన్ని ఆడాటిని మారిత్తే ఏటి లాభం అత్తా?”

“నా కొడుకునేనా ఆ మాటంతన్నావు?”

“నాను సేపల గురించే అన్నాను. మద్దిలోకి కొడుకుని తెచ్చింది మీరు.”

“మెల్లగా. ఈదంతా ఇంటాది.”

“ఇననీండి. మిమ్మల్ని ఓటి అడుగుతాను. మావగారి రెండో పెళ్లికి తాంబూలం మీ సేత్తోనే ఇచ్చారు కదా.”

“ఇచ్చేను. మా అత్త ఇయ్యమంది, ఇచ్చేను. ఏడవకుండా ఇచ్చేను.”

“సిన్నత్తకి ఎందరు పుట్టారు?”

“బండి సప్పుడౌతంది సూడు.”

“ఎందరు పుట్టారత్తా?”

“నీకు తెలీదేటి? ఒక్కరూ పుట్టనేదు. నీ మొగుణ్ణి వజ్రపుకొత్తూరు నుంచి పెంపకానికి తెచ్చుకున్నాం.”

“తెలుసు. మీ నోట ఇందామని.”

“దిగేశారు ఆళ్లు. ఆ తాంబూలం పళ్లెం ఇలాగియ్యి.”

“నానివ్వనన్నాను కదా. మీరూ ఇవ్వకండి.”

“ఇవ్వడానికి కాదే. లోపలెట్టేత్తాను. నువ్వెళ్లి ఆ పిల్ల తల్లిని ఈ తొట్టి కాడికి తీసుకురా. నానే సూపిత్తాను.”