మచ్చు ముక్క నిలబెట్టిన అతుకు

ఆ స్టీలు అతుకు సంగతా అమ్మాయ్? ఇట్టా కూర్చో, చెబుతా. నాకు ముందు చెప్పింది మన నల్లపాడు యేసురత్నం. మీ నాయనమ్మకి తమ్ముడు, సొంత తమ్ముడు కాదులే, బాబాయి కొడుకు. రియాక్టరు ఉన్న చోట, స్టీలు ముక్కలు తెగేదాకా లాగి చూసే గదిలో పని వాడిది. ఎనభైల్లో మాట.

నేనూ అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డింగు చేసొచ్చినోణ్ణే. సంతకం సరిగా రాదు గానీ, నా అతుకు మీద గోరు పెట్టి గీస్తే ఎక్కడా తగిలేది కాదు. మా నాన్న మిర్చి యార్డులో చేసేవాడు. మచ్చు తియ్యకుండా బస్తా కదలనిచ్చేవాడు కాదు. ఆ అలవాటే నాకూ వచ్చింది. పరీక్షకని నేను అతికిన ముక్కతో పాటు, అదే రేకులోంచి అతుకు లేని ముక్కొకటి కోసి, ఇది మచ్చు, దీన్నీ రియాక్టర్లో పెట్టండి అని ఇచ్చా. ఫోర్‌మన్ పరబ్రహ్మం, ఇవేమన్నా మిరపకాయలా అని నవ్వాడు. పెట్టడం మాత్రం పెట్టారు.

రెండేళ్ళుంచి, తీసి, అతికిన ముక్క లాగారంట. మామూలుగా ఆ స్టీలు సాగి సాగి, సన్నబడి అప్పుడు తెగుద్ది, తెలుసుగా. నాది సాగనేలేదు, అతుకు దగ్గర పుటుక్కుమంది. పరబ్రహ్మం పుస్తకంలో వెల్డరు తప్పని నా పేరెక్కించాడు. ఇంక నిన్ను పిలవరు బావా అని యేసురత్నం వచ్చి చెబితే, నాకు రెండు రోజులు అన్నం సయించలా.

మూడోరోజు అడిగా, "మచ్చు లాగారంట్రా?"

లాగలేదంట. సీసం పెట్టెలో అట్టాగే పడుందంట. మీ నాయనమ్మ అయిదు దాకా చదివింది కదా, ఆవిడ చేత ఇంజనీరు గారికి ఉత్తరం రాయించా, మచ్చు చూడకుండా తప్పు నాదని ఎట్టా అంటారండీ అని.

నెల తిరక్కుండా యేసురత్నం దిగాడు. మేం మిరప కళ్ళంలో ఉన్నాం.

"మచ్చు కూడా అట్టాగే తెగింది బావా."

చూశావా, అసలు అతుకే లేని ముక్క! రేడియేషన్ తగిలితే స్టీలు గట్టిపడి, సాగే గుణం పోద్దంట. ఇంజనీరు గారే అన్నారంట. వాణ్ణి కళ్ళంలోనే ఎత్తి గిరగిరా తిప్పా. ఆ ఘాటుకి ఇద్దరికీ తుమ్ములు, తుమ్ముల మధ్యన నవ్వులు. మళ్ళీ పిలిచారు, ఆరేళ్ళు చేశా.

అంతా బానే ఉంది గానీ, పుస్తకంలో ఆ రాత కొట్టెయ్యలా. పరబ్రహ్మం పోయాడు, అయినా నేను మర్చిపోను. నువ్వు చదువుకున్నదానివి, నూరేళ్ళు చల్లగా ఉండు, అక్కడి ఆఫీసుకి ఒక్క ఉత్తరం రాసిపెట్టు తల్లీ. వెల్డరు తప్పు అన్న చోట కొట్టేసి, రేడియేషన్ వల్ల అని రాయమను. నా పేరు మాత్రం కొట్టెయ్యొద్దను, ఉండనియ్యమను.