పచ్చ గీత

మగ్గం మీది చీర కోసేసి, అతను భివండి బట్టల మిల్లుకు పోవడానికి మూట కట్టుకుంటున్నాడు. ఒళ్లో నెలల బిడ్డతో ఆమె వేళ్లకు రంగు పోగులు చుట్టుకుంటూ కలలో ఉన్నట్టు కూర్చుంది.

“చీరలు కొనే చొప్పదండి సేటు నెలకో కొత్త అంచు అడుగుతుండు,” అన్నాడతను. “ ఎర్రగీతలు రెండు, పసుపువి రెండు. ఒకే రంగు పక్కపక్కన రావద్దు. గట్ల రెండంచులే అయితయి. రెండూ నేసినం, ఇగ ఈడ పని లేదు.”

“గీ పచ్చగీత ఒక్కటి కలుపు.”

“ఒక్కో అంచుల పచ్చదానికి అయిదు తావులు. పదొస్తయి.”

“పన్నెండు.”

“ఎట్లనే, పిచ్చిదానా?”

“ఎరుపు, పసుపు, పసుపు, ఎరుపు. పసుపులు తాకుతున్నయని దాన్ని వదిలేసినవు. వాటి నడుమ పచ్చది పెట్టు, ఇగ తాకయి. రంగులు తిరగేస్తే ఇంకోటి.”

అతను పోగుల వంక చూస్తూనే మూట ముడి విప్పాడు.

“సరే, ఏడాది ఈడనే ఉంట. అటెన్క పోవాలె గద?”

“అప్పటికి బిడ్డ నిన్ను ‘బాపూ’ అంటది. ఎట్ల పోతవో చూస్త.”