నూట యాభై మంది మెచ్చిన కేకు

హాజరైనవారు, గదిలోకి వచ్చిన క్రమంలో: కేకులు అలంకరించే కోడలు, ఆమె పనిని రెండేళ్లుగా పర్యవేక్షిస్తున్న, అనగా వెక్కిరిస్తున్న, విశ్రాంత ప్రధానోపాధ్యాయులైన మామగారు, రెండు చేతులా పెద్ద అట్టపెట్టెతో ఫంక్షన్ హాలు మేనేజరు.

“...అదేనమ్మా, మెత్తదనం గురించే చెబుతున్నా! నోట్లో వెన్నలా కరిగిందట. నూట యాభై మందిదీ అదే మాట.”

“నిజమా మేనేజరుగారూ! విన్నారా మామయ్యగారూ? మీరేమో సున్నం, సున్నం అంటారు.”

“ఇప్పుడూ అంటాను అమ్మాయీ. గోడకు సున్నం వేసే మేస్త్రీకీ నీకూ ఒకటే భేదం. అతను ఎండలో నిలబడతాడు, నువ్వు ఫ్యాను కింద నిలబడతావు.”

“ఫ్యాను వేస్తే క్రీము ఎండిపోతుందండీ, వేసుకోను. అది సరే, మేనేజరుగారూ, ఈ ఏడాది మీ హాల్లో కేకుల ఆర్డర్లన్నీ నాకే ఇస్తామన్నారు కదా... నెలాఖరులోపు తేలకపోతే ఈ గది జిరాక్సు షాపుకి ఇచ్చేస్తానని మా ఆయన కూర్చున్నారు.”

“అక్కడికే వస్తున్నానమ్మా. ముందు ఈ పెట్టె తెరవండి.”

“మిగిలిందా? అదేంటి, మూడంతస్తులూ అలాగే ఉన్నాయే! ఒక్క గాటు పడిందంతే!”

“ఆ గాటు మా ముఖ్య అతిథిగారిది. కత్తి ఆనించారు, ఫొటో తీశారు, చప్పట్లు కొట్టారు. ముక్కలు కోద్దామని వంటగదిలోకి తెచ్చి కత్తి దింపితే, కీచుకీచుమంటూ తెల్లటి పూసలు రాలాయి.”

“అయ్యో... అయ్యయ్యో! ఇది శాంపిలండీ! లోపలంతా థర్మోకోలు. పోయిన వారం మీ ఓనరమ్మగారికి చూపించడానికి చేసింది!”

“మాకూ తెలిసిందమ్మా. కాస్త ఆలస్యంగా.”

“మరి నోట్లో కరిగిందన్నారు?”

“కరిగింది ఎదురు బేకరీవాడి కేకు. వెనక గుమ్మంలోంచి తెప్పించి కోయించాను. ఓనరమ్మగారు రెండు ముక్కలు తిని, ‘ఇంట్లో చేసిన రుచే వేరు, బేకరీవాళ్లకి చేతనవుతుందా’ అన్నారు.”

“నా పరువు పోయింది.”

“పోలేదమ్మా! మీది పోతే నాదీ పోతుంది, పోనిస్తానా? ఆవిడకి ఏడాదంతా మీ కేకే కావాలట. అందుకని నేనో మాట చెబుతా. మీరు ఇవే చేయండి.”

“ఏవి?”

“థర్మోకోలువే. పైన పూలూ లతలూ మీవి, తినేది బేకరీది. ఎండకి కుంగదు, ఆటోలో ఒరగదు. గుడ్డు వేశారా లేదా అని అడిగేవాడుండడు. తుడిచి మళ్లీ వాడుకోవచ్చు కూడా.”

“నేను చేసేది కేకండీ! అట్టముక్కలకి ముస్తాబు కాదు!”

“ఆలోచించదగిన ప్రతిపాదన.”

“మామయ్యగారూ!”

“రెండేళ్లుగా నేను మనవి చేస్తున్నది అదే కదా. ఈ వస్తువు చూడడానికే గాని తినడానికి కాదు.”

“మీరు మాట్లాడకండి. అసలు దీన్ని పెట్టెలో పెట్టి డ్రైవరు చేతికిచ్చింది ఎవరు? నేను మేడ మీద బట్టలు తీస్తూ, ఫ్రిజ్‌లోది ఇవ్వమన్నానా, బీరువా మీదది ఇవ్వమన్నానా?”

“‘కేకు ఇచ్చేయండి’ అన్నావు. రెండూ ఒకేలా ఉన్నాయి. అది నీ పనితనం, నా దోషం కాదు.”

“బరువు తెలియలేదా? అది ఆరు కిలోలు, ఇది అరకిలో!”

“ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. మూటలు మోసిన అనుభవం లేదు.”

“సరే. కూర్చోండి మేనేజరుగారూ. అసలు కేకు ఫ్రిజ్‌లోనే ఉంది, ఒక్క ముక్క తినండి. బాగాలేదంటే మీరన్నట్టే థర్మోకోలుకి పూలు పెట్టుకుంటూ బతుకుతాను.”

“ఇప్పుడెందుకు అమ్మాయీ? నిన్నటిది. చల్లారిపోయి ఉంటుంది.”

“కేకు చల్లారడమేంటి మామయ్యగారూ! ఫ్రిజ్ తలుపు వదలండి.”

“ఆ తలుపు మాటిమాటికీ తెరిస్తే రబ్బరు...”

“వదలండంటుంటే! ...చూశారా మేనేజరుగారూ, ఈ లత ఒక్కదానికే రెండు గంటలు పట్టింది. ఉండండి, వెనక్కి తిప్పుతాను... ఇదేంటి? ఈ గుహేంటి?”

“ఎలుకేమోనమ్మా.”

“ఎలుక చెంచాతో తింటుందా? గీతలు చూడండి!”

“అవునమ్మోయ్. చాలా క్రమశిక్షణతో తిన్నారెవరో. అంచులు కూడా సాపుచేశారు.”

“మామయ్యగారూ.”

“చెప్పు.”

“మీకు షుగరు.”

“ఉన్నది.”

“మీ చెంచా ఏది? మాత్రల డబ్బా పక్కన ఉండాలి.”

“...కడగడానికి వేశాను.”

“నాకు తెలుసు! పొరపాటున శాంపిలు పంపేసి, అసలుది మిగిలింది కదా అని తీరిగ్గా కూర్చుని లాగించారన్నమాట! పైగా సున్నం!”

“అమ్మా, అమ్మా, ఆగండి. నేను ఈ పక్కనుంచి కొంచెం... ఊఁ. ...ఊఁ! ఇంకో చెంచా ఉందా? అబ్బ! బేకరీవాడు దీని ముందు ఎందుకు పనికొస్తాడు!”

“అయితే ఆర్డరు నాకే కదా?”

“రుచికి వంక లేదమ్మా. నా భయం అది కాదు. ఇంట్లో పెట్టెలు మారిపోతున్నాయి. నిన్నంటే గట్టెక్కాను. రేపు మళ్లీ ఇదే పొరపాటు చేస్తే నా ఉద్యోగం ఊడుతుంది. థర్మోకోలైతే ఇక మారడానికేం ఉండదు. ఏమనుకోకండి, వస్తాను.”

“మేనేజరుగారూ, ఒక్కసారి...”

“లేదమ్మా. పొరపాట్లు చేసేవాళ్లని నమ్మి...”

“కూర్చోండి మేనేజరుగారూ. అమ్మాయీ, నువ్వు కళ్లు తుడుచుకో. ఆయనకు కాగితం, కలం ఇవ్వు.”

“ఎందుకండీ?”

“నేను చెబుతాను, ఆయన రాసుకుంటారు. ‘నిన్న పెట్టె మారడం పొరపాటు కాదు. మధ్యాహ్నం మూడు గంటలకు, అది సున్నమో కాదో తేల్చుకుందామని ఒక్క చెంచా తీసుకున్నాను. నాలుగింటికి డ్రైవరు వచ్చేసరికి ఆ కేకు ముందు వైపు తప్ప మనుషులకు చూపదగినదిగా లేదు. కనుక థర్మోకోలుదని తెలిసే, నా చేతులతో పంపాను. ఇందులో నా కోడలి దోషం లేశమైనా లేదనీ, ఆమె కేకును నిన్న మెచ్చుకున్న నూట యాభై ఒక్క మందిలో దాన్ని నిజంగా తిన్నవాణ్ణి నేనొక్కణ్ణేననీ ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.’ ...సంతకం ఎక్కడ పెట్టమంటారు?”