ఇంజను నోట అక్షింతలు

లోకచక్రం తిప్పేవాడికి మొదటి దండం. ఆ చక్రం కీచుమనకుండా ఇరుసున నూనె రాసే చేతికి రెండో దండం. నా నాలుక తడి ఆరకుండా కాచే పలుకులతల్లికి మూడో దండం. ఇక వినండి, ఇది దాలమ్మ కథ. చేతివాసి గల దాలమ్మ, నలుగురిలో తన చేతిని తానే తప్పుపట్టిన దాలమ్మ కథ.

దాలమ్మ ఉందే, మెట్టవలసలో ఆవిడ చెయ్యి పడందే ఏ గాదెకీ మూత పడేది కాదంట. కొత్త గాదె గానీ కొత్త కుండ గానీ వట్టినోటితో మూయరాదని ఆ ఊరి ఆచారం. మూసేముందు పిడికెడు పసుపు అక్షింతలు లోపల వెయ్యాలి. వేసేది దాలమ్మే. ఆవిడకి ఒక్కడే కొడుకు, తవిటినాయుడు. వాడికో ముసలి తెల్లకారు. వారమంతా బాడుగకి తిరిగేది కానీ, మంగళవారం, శుక్రవారం మాత్రం ఎవరు పిలిచినా పోదు. ఎందుకంటావా, దాలమ్మ తమ్ముడు సోములుకి మూత్రపిండాలు రెండూ చెడ్డాయి. ఆ రెండు రోజులూ పట్నం ఆసుపత్రిలో యంత్రం మీద రక్తం కడిగించుకోవాలి. ఒక్క వంతు తప్పిందా, కాళ్లుబ్బి, ఊపిరందక మంచం పడతాడు. ఆ వేళకి బస్సు లేదు, ఊళ్లో మరో బండీ లేదు. సోములు ప్రాణం ఆ నాలుగు చక్రాల మీద ఉందనుకో.

అటువంటి కారుకి ఏమైందంటే, నూనె మండి నీలిపొగ పట్టుకుంది. శుక్రవారం వంతు తీర్చుకుని వచ్చి, శనివారం పొద్దున్నే తవిటినాయుడు ఇంజను విప్పి పశువులశాలలో పరిచాడు. రింగులు మార్చాడు, బేరింగులు మార్చాడు, ప్రతి ముక్కా డీజిలుతో కడిగి గుడ్డతో తుడిచాడు. సోమవారం పొద్దుటికి అంతా బిగించి, పైన నూనెపోసే మూత తీసిపెట్టి, నూనెడబ్బా తేవడానికి లోపలికి వెళ్లాడంట. దాలమ్మ అటువైపు వచ్చింది. చూస్తే కొత్తగా బిగించిన పాత్ర, నోరు తెరుచుకుని, లోపల వట్టిది. మోసుకుపోయేదా, తోడబుట్టినవాణ్ణి. కొంగున కట్టిన అక్షింతలు పిడికెడు తీసి, ఇలవేల్పుని తలుచుకుని, ఆ నోట్లో వేసి తన పనికి తాను వెళ్లిపోయింది. కొడుకు తిరిగొచ్చి నూనె పోశాడు, మూత బిగించాడు.

బండి తిప్పితే ఒక్క తిప్పుకే అందుకుంది. నూనె ఎంత ఒత్తిడితో పారుతోందో చూపే ముల్లు చక్కగా పైకెక్కి నిలబడింది. పది నిమిషాలు గడిచాయో లేదో, ఆ ముల్లు జారి జారి అడుక్కి దిగింది. ఎర్రదీపం వెలిగింది, ఇంజనులో టకటక మొదలైంది. వెంటనే ఆపేశాడు. నూనె తగ్గిందేమోనని పుల్ల ముంచి చూస్తే, గీత దాకా ఉంది. ఫిల్టరు మార్చాడు. మళ్లీ ముల్లు ఎక్కింది, మళ్లీ పది నిమిషాలకి దిగింది. ముల్లే అబద్ధమాడుతోందేమోనని ఇంకో మీటరు తెచ్చి పెడితే అదీ అదేమాట చెప్పింది. పంపు చెడిందా అంటే, చెడ్డ పంపు మొదట ఎందుకు ఎక్కిస్తుంది? గడియ సేపు ఆగి తిప్పితే, ఏ జబ్బూ లేనట్టు మళ్లీ ఎక్కుతోందాయె. తవిటినాయుడు మట్టిలో చతికిలబడ్డాడంట.

అతని పెళ్లాం నీలవేణి వరిచేలో బావి మోటారు నడిపే మనిషి. చేతిలో పేడతట్ట దించకుండానే అంది: "మన బావి మోటారుకీ ఇదే రోగం వచ్చింది కాదేటి? నీళ్లు బాగా వస్తాయి, అంతలో ఆగిపోతాయి. ఆపితే బాగయిపోద్ది. అడుగున జల్లెడకి ఆకులు అంటుకుంటే అలగే. పీల్చినంతసేపూ అంటుకుంటాయి, ఆపితే రాలిపోతాయి."

"ఇంజన్లోకి ఆకులెక్కడివే? నా చేత్తో కడిగినాను."

"ఆకులే అవాలని ఎక్కడుంది?"

అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం చెరుగుతున్న దాలమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. చాటలో గింజల వైపు చూసింది.

తవిటినాయుడు లేచి, గోడకి ఆనుకుని కూర్చున్న మేనమామ వైపు తిరిగాడు. "విప్పితే మళ్లీ ఎప్పటికవుద్దో తెలీదు. రేపు పదేసి నిమిషాలకి ఒకసారి ఆపుకుంటూ పోదాం మావా."

సోములు నవ్వి, "పోదాంరా అల్లుడా, నానూ అలగే ఆగి ఆగి నడుస్తన్నాను. ఇద్దరికీ జత కుదిరింది" అన్నాడంట.

దాలమ్మ లోపల ఏమనుకుంది? చెబితే ఇక ఈ చేతిని ఏ ఇంటివాళ్లు పిలుస్తారు? అరవై ఏళ్ల చేతివాసి ఒక్క మాటతో పోద్ది. చెప్పకపోతే, నడిదారిలో ఇంజను పట్టేసి ఆగిపోతే, లోపల ఉండేది తమ్ముడు. చాట కింద పెట్టింది. "విప్పరా" అంది. "ఏటమ్మా?" అన్నాడు. "విప్పమంటన్నాను. నోరు వట్టిగా ఉందని పిడికెడు అక్షింతలు నానే ఏసినాను" అంది.

కోడిపెట్ట ఒకటి బండి కిందనుంచి అటు నుంచి ఇటు దాటింది. తవిటినాయుడు అమ్మ వైపు చూడకుండానే పానా తీసుకుని బండి కిందికి దూరాడు. నూనె దించి, అది నిలిచే అడుగుతొట్టి విప్పి, పంపు జల్లెడ బయటికి తీశాడు. చూస్తే, జల్లెడ నిండా పసుపు గింజలు, దిబ్బరొట్టె అడుగంటినట్టు. సోములు చూసి అక్కతో, "అప్పా, నా నెత్తిన ఏసినవి ఒక్కటీ నిలవలేదు గానీ, ఈ ఇనపముండ బాగా దాచుకుంది సూడు" అన్నాడంట. దాలమ్మ కూడా నవ్వలేక నవ్వింది.

పొద్దు వాలకముందే గింజ గింజా ఏరి, నూనె దారులన్నీ కడిగి, మళ్లీ బిగించారు. పైన నోరు మళ్లీ తెరుచుకుంది. దాలమ్మ చేతులు రెండూ కొంగులో చుట్టుకుని దూరంగా నిలబడింది. నీలవేణి వెళ్లి ఆ చేతులు విప్పి, నూనెడబ్బా పెట్టింది. "వట్టినోటితో మూయకూడదు కదత్తా. నువ్వే పొయ్యి." దాలమ్మ కొడుకు వైపు చూసింది. "గరాటు పట్టుకుంటాను, పొయ్యమ్మా" అన్నాడు వాడు. చుక్క కింద పడకుండా పోసిందంట.

ముల్లు ఎక్కింది. పది నిమిషాలైంది, అరగంటైంది, దిగలేదు. మర్నాడు సోములు వంతు వేళకి యంత్రం పక్కన ఉన్నాడు. మెట్టవలసలో ఇప్పటికీ గాదెకి అక్షింతలే, వేసేది దాలమ్మే. ఇంజనుకి మాత్రం నూనె, అదీ ఆవిడ చేత్తోనే. ఏ నోటికి ఏది పెట్టాలో తెలియడానికి అరవై ఏళ్లు చాలలేదు చూశారా, మనమెంత.

ఈ కథ విన్నవారి గాదెలు నిండుగాక, వారి దారులు సాగుగాక. వారి ఇంట వంతు తప్పరాని వారెవరైనా ఉంటే, ఆ వంతు తప్పకుండుగాక.