ముందువరుసను నిలబెట్టిన రేమండ్ కుపెట్స్ గారు

1984 ఆగస్టు 6వ తేదీ సోమవారం ఉదయం, మొనాంగహీలా నది ఒడ్డున ఉన్న మన హార్లన్ ఫెర్రీ కళాశాల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో, రక్షణ దళపు ముందువరుసకు శిక్షకులుగా రేమండ్ కుపెట్స్ గారు బాధ్యతలు స్వీకరించారు. ఆ వేసవిలోనే ఊళ్లో ఉక్కు కర్మాగారపు చివరి కొలిమి చల్లారింది. అక్కడే తండ్రి పని పోయిన రోజుల్లోనే కొడుకుకు పని దొరికినందుకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక, ఆయన మొదటి రోజంతా మైదానంలోని సున్నపు గీతల వెంట నడిచారు.

ముందువరుస ఉద్యోగం ఆయనకు కొత్త కాదు. నేల మీద ఒక చెయ్యి ఆన్చి, నడుము వంచి, ఎదుటి జట్టులోని అతి బరువైన మనుషులను మొదట ఢీకొనేవారు ఆ వరుసవారు. బంతి వారి చేతికి దాదాపుగా రాదు. పేరు పత్రికల్లోకి అసలే రాదు. విద్యార్థి దశలో కుపెట్స్ గారు ఆ వరుసలోని అన్ని స్థానాల్లోనూ ఆడారు. మధ్యవాడు గాయపడితే మధ్యలో, అంచువాడు అలసిపోతే అంచున, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిలబడ్డారు. ఫలితంగా పాతికేళ్లు నిండకముందే మెట్లు దిగేటప్పుడు ఒక పక్కకు తిరిగి దిగడం ఆయనకు అలవాటైంది. ఆ మోకాళ్లతోనే మన దగ్గర చేరి, జట్టుకు శిక్షణ ఇస్తూనే ఆరోగ్య పాఠాలు బోధించారు, ఆటగాళ్ల దుస్తులు ఉతికించారు, డ్రైవరు రానప్పుడు బస్సు కూడా నడిపారు. తొలి దశాబ్దంలో మనం గెలిచినవి తక్కువ, ఓడినవి ఎక్కువ. ఓడిన ప్రతి శనివారమూ ఒహాయో నుంచో వెస్ట్ వర్జీనియా నుంచో తిరిగొచ్చే బస్సులో, మంచు పట్టిన కిటికీకి తల ఆన్చి ఆయన కళ్లు మూసుకునేవారు గానీ నిద్రపోయేవారు కారు.

1995లో మెకీస్‌పోర్ట్ నుంచి కోర్ట్‌లాండ్ మేబ్రీ అనే కుర్రవాడు మన జట్టులో చేరాడు. ఇద్దరు ఎదురు నెట్టినా కదలనంత బరువు, అయినా అంచున పరుగెత్తి బంతి విసిరేవాణ్ని తరిమి పట్టుకోగల తేలికపాటి అడుగు, రెండూ అతనిలో ఉన్నాయి. కుపెట్స్ గారు అతనికి మధ్య స్థానం నేర్పారు, దాని పక్క సందు నేర్పారు, చివరి అంచు నేర్పారు. ఆ ఒక్కడితో మన రక్షణ వ్యూహమే మారిపోయింది. అంతకుముందు ముందువరుసలో నలుగురు ఉండాలంటే ఒక దళాన్ని, ముగ్గురు చాలనుకుంటే మరొక దళాన్ని దింపేవాళ్లం. మనుషులు మారడం చూసి ఎదుటివాళ్లు మన ఉద్దేశం పసిగట్టేవాళ్లు. ఇప్పుడు అదే పదకొండుమంది మైదానం వదలకుండానే, మేబ్రీ రెండడుగులు జరిగితే చాలు, నలుగురి వరుస ముగ్గురిదయ్యేది, మిగిలిన ఒకడు వెనక్కి వెళ్లి విసిరిన బంతులకు కాపు కాసేవాడు. ఎదుటి శిక్షకులు గీత అవతల నిలబడి గొంతు చించుకునేవారు. మన జట్టు గెలవడం మొదలుపెట్టింది.

అయితే ఈ వ్యూహపు భారమంతా ఎవరి మెడ మీద పడుతోందో కుపెట్స్ గారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మధ్యలో నిలబడితే ఇద్దరి దెబ్బ, అంచున నిలబడితే దూరపు పరుగు; మిగతావారు ఒకటి మోస్తే మేబ్రీ రెండూ మోసేవాడు. ప్రతి సోమవారం అతను లేచి కూర్చునే తీరు చూసి, కుపెట్స్ గారు లోలోపల తన పాత నొప్పులను గుర్తుచేసుకునేవారు. అయినా శనివారం రాగానే మళ్లీ అతన్నే నిలబెట్టేవారు. గెలుపు అలవాటైన మైదానంలో మరో మాట చెప్పడం ఎవరికీ సులభం కాదు.

1997 నవంబరులో జరిగిన విజేత నిర్ణాయక పోటీని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. వాన, బురద, ఆట నాలుగు భాగాల్లో మూడోది ముగియబోతోంది, మనం నాలుగు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాం. ఒక తాకిడి తర్వాత మేబ్రీ లేచి తన చోటికి వెళ్లాడు గానీ, ఎప్పుడూ కుడి చెయ్యి ఆన్చేవాడు ఈసారి ఎడమ చెయ్యి ఆన్చాడు. కుపెట్స్ గారు వెంటనే అతన్ని బయటికి పిలిచి, తలపై నుంచి హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నారు.

ప్రధాన శిక్షకులు వాల్టర్ గిబ్బన్స్ గారు పరుగున వచ్చారు.

"రే, ఏంటిది? వాణ్నెందుకు లాగావ్?"

"చెయ్యి పనిచెయ్యట్లేదు, వాల్ట్."

"బాగానే ఉందంటున్నాడుగా వాడు!"

"వాడలాగే అంటాడు. నేనూ అలాగే అనేవాణ్ని."

"వాడు లేకపోతే మన వ్యూహం మొత్తం కూలిపోద్ది. తెలుస్తోందా నీకు?"

"తెలీకేం. కట్టింది నేనేగా."

మేబ్రీ ఆయన చంకలోని హెల్మెట్ కోసం చెయ్యి చాచాడు. "కోచ్, ఇచ్చెయ్యండి. పైన నా కోసం ముగ్గురొచ్చి కూర్చున్నారు. నన్ను తీసుకుందామా అని చూసే పెద్ద జట్లవాళ్లు."

"చూశాను."

"చూసి కూడానా?"

"ఏరా, ఇలా రా. కుడి చేత్తో నా వేలు పట్టుకో. గట్టిగా పిసుకు."

మేబ్రీ పట్టుకున్నాడు. వాన చుక్కలు ఇద్దరి చేతుల మీదా జారుతున్నాయి.

"ఇంకా గట్టిగా."

"ఇదే గట్టిగా, కోచ్," అన్నాడు మేబ్రీ, చాలా మెల్లగా.

హెల్మెట్ తిరిగి అతనికి దక్కలేదు. అతని చోట కుపెట్స్ గారు ఇద్దరు మామూలు కుర్రాళ్లను మార్చి మార్చి దింపారు. ఎదుటివాళ్లకు ఇక ఊహించవలసిన పనే లేకపోయింది. ఆ ఖాళీ మీదికే పదేపదే వచ్చారు. చివరి నిమిషాల దాకా ఆ ఇద్దరూ ఈడ్చుకొచ్చారు గానీ, మనం మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. మేబ్రీ ఎవరికీ చెయ్యి కలపకుండా వెళ్లిపోయాడు. తర్వాత చేతికి వెళ్లే మెడ నరాన్ని పరీక్షించిన ఒక వైద్యుడు, మరొక్క దెబ్బ తగిలితే చెయ్యి శాశ్వతంగా పోయేదన్నారు. ఇంకొకరు, ఏమీ కాకపోయి ఉండవచ్చునన్నారు. పెద్ద జట్లవాళ్లు మళ్లీ రాలేదు. మేబ్రీ నది మీద బొగ్గు పడవల్లో పనికి కుదిరాడు.

మరుసటి ఏడు ముందువరుసను కుపెట్స్ గారి నుంచి తీసేసి, దుస్తుల గది, ప్రయాణ ఏర్పాట్లు ఆయనకు అప్పగించారు. "మానెయ్యి రే, ఇంత మాట పడి ఎందుకు?" అని సతీమణి లొరెయిన్ గారు అడిగితే, "మానేసి ఏం చెయ్యను? నాకొచ్చింది ఇదొక్కటే," అన్నారట. రెండు సీజన్ల పాటు ఆయన తువ్వాళ్లు మడిచారు. కొత్త ప్రధాన శిక్షకులు వచ్చాక వరుస తిరిగి ఆయన చేతికి వచ్చింది. తాను చేసింది సరైన పనేనా అన్న ప్రశ్న మాత్రం ఆయన్ను వదలలేదు. ఇద్దరు వైద్యుల మాటల్లో ఒకరోజు ఒకటి, మరొక రోజు మరొకటి నిజమనిపించేది.

ఎన్నో ఏళ్లు గడిచాక, ఈస్టరుకు ముందరి ఉపవాస దినాల్లో ఒక శుక్రవారం, చర్చి హాల్లో మాంసానికి బదులుగా పెట్టే చేపల వేపుడు విందు జరుగుతుండగా, మేబ్రీ వచ్చి ఆయన ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.

"ఒక్కటి చెప్పండి కోచ్. ఆ రోజు నేను ఆడలేనని తెలిసి ఆపారా, భయపడి ఆపారా?"

కుపెట్స్ గారు ఫోర్కు పళ్లెంలో పెట్టారు. "భయపడ్డాన్రా."

"మీ భయానికి నా బతుకు పోయింది."

"పోయిందేమో. నాకూ తెలీదు."

"నా కోపం ఇంకా పోలేదు."

"పోకపోతే పోనీలే. చేప చల్లారిపోతోంది, తిను."

మేబ్రీకి నవ్వొచ్చింది, నవ్వినందుకు మళ్లీ కోపమొచ్చింది, అయినా తిన్నాడు. ఆ ఆగస్టులో పడవ పనికి సెలవు పెట్టి మైదానానికి వచ్చాడు. మరుసటి ఏడు మన విభాగంలోనే శిక్షకుడిగా చేరాడు. నాటి నుంచి నేటి వరకు ఆ ఇద్దరూ కలిసి, ఒకే కుర్రవాడి మీద వ్యూహమంతా మోపకుండా, ఇద్దరు ముగ్గురికి అన్ని స్థానాలూ నేర్పి భారాన్ని పంచే పద్ధతిని తీర్చిదిద్దారు. దీనివల్ల కొన్ని పోటీలు ఓడామని అన్నవారున్నారు. అది అబద్ధమూ కాదు. కానీ మన ముందువరుసవారు చదువు ముగించుకొని నిటారుగా నడుస్తూ వెళ్లారు. నవంబరు వచ్చిందంటే ఆనాటి ఆట గురించి ఆ ఇద్దరూ వాదులాడుకోవడం మనందరికీ అలవాటైన విషయమే. ఆ వాదన నేటికీ తేలలేదు.

ఈ సంవత్సరం ఆఖరి సాధన ముగిశాక, కుర్రాళ్లు ఆయన చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని ఉపన్యాసం కోసం ఎదురుచూశారు. తుంటి మార్పిడి జరిగిన కాలికి భారం తగ్గేలా కాళ్లు మార్చి మార్చి నిలబడి, వాళ్ల ముఖాలన్నీ ఒకసారి కలయజూసి, "నాకు అలసటగా ఉందిరా అబ్బాయిలూ. ఇక ముందువరుస మేబ్రీది. నేను ఇంటికెళ్తాను," అన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేబ్రీ ఒక్కడే లేచి, కారు దాకా ఆయన సంచి మోశాడు.

ఇంతకాలం ఎవరు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడిన రేమండ్ కుపెట్స్ గారు, ఇకపై ఏ శనివారమూ వానలో నిలబడవలసిన అవసరం లేకుండా, లొరెయిన్ గారి సాహచర్యంలో, నొప్పిలేని నిద్రతో, తొందర లేని ఉదయాలతో, సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం జీవించాలని ఈ వీడ్కోలు సభలో సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాము. కూర్చోండి కోచ్. చాలాసేపు నిలబడ్డారు.